నాయనమ్మను ఏ పేరుతో తలచుకోవాలి?

మా నాయనమ్మ క్రిస్మస్ దాటిన రెండో వారంలో కన్నుమూసింది. చీరాల పట్టణంలో, తాను కాపురానికి వచ్చిన పేటలోనే, కన్న బిడ్డలు, వారి బిడ్డలు, ఆ బిడ్డల బిడ్డలు చుట్టూ నిలబడి ఉండగా పోయింది. వయసెంతో ఎవరికీ సరిగా తెలియదు. ఆధార్ కార్డులో జనవరి ఒకటో తేదీ ఉంది. ఆ తేదీన పుట్టిన ముసలమ్మలు మా పేటలో ఇంకా ఇరవై మంది ఉంటారు. చీరాల–పేరాల ఉద్యమం చల్లబడిన చాలా ఏళ్లకు పుట్టానని వాళ్లమ్మ చెప్పేదట. స్వాతంత్ర్యం వచ్చినప్పటికి పెళ్లయి, చంకన ఒక బిడ్డ ఉంది. 1977 ఉప్పెన నాటికి మా నాన్న ఉద్యోగంలో చేరాడు. ఇలా కూడుకుంటూ పోతే తొంభై అయిదు పైమాటే. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలలో బతికింది. పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా.

ఇంతటి దీర్ఘాయువు గల మనిషి పోయిన ఇంట దుఃఖం కన్నా తృప్తి ఎక్కువగా ఉండాలి. ఉన్నది కూడా. పేట పేటంతా ఆమెను ‘పెద్దమ్మ’ అనే పిలిచేది; ఆమె చేతులలో భూమ్మీద పడ్డవారిలో కొందరికి ఇప్పుడు మనవలున్నారు. కాని ఆ సాయంత్రం వాకిట్లో షామియానా కింద జరిగిన ఒక చిన్న సంభాషణ నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఫ్లెక్సీ వేయించాలని మా పిన్నిగారి అబ్బాయి దుకాణానికి ఫోన్ చేశాడు. ఫోటో పంపాడు. అవతలి కుర్రాడు పేరు అడిగాడు. ఫోన్ పట్టుకున్నవాడు మా వైపు చూశాడు. మా నాన్న ఒక పేరు చెప్పాడు. బాబాయి మరొక పేరు చెప్పాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. ఈలోగా, కొత్తగా ఉద్యోగానికి ఎంపికై సర్టిఫికెట్ల పరిశీలన కోసం ఎదురుచూస్తున్న మా తమ్ముడు వరసవాడు నెమ్మదిగా, నేలకేసి చూస్తూ అన్నాడు: “శిలువ బొమ్మ వద్దులే అన్నా.”

ఎవరూ వాణ్ణి కోప్పడలేదు. కోప్పడవలసిన మాట కాదని అందరికీ తెలుసు. శవపేటిక మీద శిలువ ఉంది, లోపల ఆమె చేతుల మధ్య బైబిలు ఉంది, వాకిట్లో సంఘపు ఆడవాళ్లు కీర్తనలు పాడుతున్నారు. వీధి మొగలో కట్టబోయే ఫ్లెక్సీ మీద మాత్రం శిలువ ఉండకూడదు. చివరికి ఆమె ఫోటో, కింద ‘మా అమ్మ’ అన్న రెండు మాటలు, తేదీ. అంతే. తొంభై అయిదేళ్లు బతికిన స్త్రీకి తన మరణవార్త మీద పేరు లేకపోయింది. ఈ వ్యాసంలో కూడా నేను ఆమె పేరు రాయడం లేదు. కారణం అదే.

మా నాయనమ్మకు మూడు పేర్లు. మొదటిది బాప్తిస్మపు పేరు. బైబిలులోని ఒక స్త్రీ పేరు అది. సంఘపు రిజిస్టరులో, పెళ్లి పుస్తకంలో, దేవుని ముందు ఆమె ఆ పేరుతోనే నిలబడింది. రెండోది పొగాకు కంపెనీ పేరు. గ్రేడింగు పనిలో చేరిన రోజున మేస్త్రీ ఆ పేరును సగానికి విరిచి, తన నోటికి వచ్చిన తీరులో పుస్తకంలో రాసుకున్నాడు. ముప్పై ఏళ్ల కూలి ఆ విరిగిన పేరు మీదే అందింది. మూడోది కాగితాల పేరు. మా నాన్నను బడిలో వేసిన రోజున ఒక ఉపాధ్యాయుడు తల్లి పేరు అడిగి, విని, కలం ఆపి, “ఈ పేరు రాస్తే పిల్లవాడికి స్కాలర్‌షిప్పు రాదమ్మా, వేరే పేరు చెప్పు” అన్నాడట. ఆమెకు తోచలేదు. ఆయనే ఒక దేవత పేరు రాశాడు. మతం గడిలో హిందూ అని రాశాడు. కులం గడిలో మాత్రం మార్పు అవసరం లేకపోయింది. మాదిగ అన్నది ఏ మతంలోనూ మారలేదు కనుక. ఆయన అగ్రవర్ణస్థుడు. దురుద్దేశంతో చేసిన పని కాదది, దయతో చేసిన పని. ఆ దయ వల్లనే మా నాన్న చదువుకున్నాడు, మేం చదువుకున్నాం, నేనీ వ్యాసం రాయగలుగుతున్నాను. కాని ఆ దయకు వెల ఎవరు చెల్లించారని అడిగితే, ఆ సాయంత్రం పేరు లేకుండా పడుకుని ఉన్న ముసలామె వైపే చూపాలి.

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదు. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా, గుంటూరు నుంచి కృష్ణా దాకా మాలపల్లెలలో, మాదిగపల్లెలలో ఏ తలుపు తట్టినా ఇటువంటి రెండు పేర్ల తల్లులు కనిపిస్తారు. 1876–78 కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. కరువు తగ్గుముఖం పట్టిన 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. గింజల కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. నిజానికి ఆ ఉద్యమానికి దారి వేసినవాడు క్లౌ కన్నా ముందు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి. కరువుకు పదేళ్ల ముందే, 1866లో, తన ఆధ్యాత్మిక అన్వేషణలో భాగంగా ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. మా పూర్వులు ఒంగోలు వైపు నుంచి వచ్చినవారే. గింజల కోసం పోయిన విశ్వాసమైతే గింజలు దొరికిన తరువాత వదిలిపోవాలి. నాలుగు తరాలుగా మా ఇంట అది వదలలేదు.

మా నాయనమ్మ విశ్వాసం గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మతం మారినవారు రిజర్వేషన్ల కోసం అటూ ఇటూ దూకుతారని రాసేవారు ఆమెను చూసి ఉండరు. బడి ముఖం చూడని ఆమె మిషన్ కాంపౌండులో రాత్రిపూట అక్షరాలు నేర్చుకుంది, బైబిలు చదవడానికి మాత్రమే. వార్తాపత్రిక ఇస్తే కూడబలుక్కునేది. కీర్తన గ్రంథం ఇస్తే ఆగకుండా చదివేది, ఎందుకంటే అందులో సగం ఆమెకు ముందే నోటికి వచ్చు. పొగాకు సీజనులో ఆకు దుమ్ము గొంతులో పేరుకుని పాట రాక, ఆదివారం నాడు పెదవులు మాత్రం కదిపేది. వేళ్ల సందుల్లో పొగాకు పసుపు వారమంతా పోయేది కాదు. శనివారం సాయంత్రం చింతపండు, బూడిద కలిపి అరచేతులు ఎర్రబడేదాకా తోముకునేది, ఆదివారం ప్రభు భోజనపు రొట్టెను పసుపు చేతులతో అందుకోకూడదని. డిసెంబరులో అరిసెలు వండి ముస్లింల వీధికి, సాలెల వీధికి పంపేది. సాలెల వీధిలో కొన్ని ఇళ్లవారు తీసుకునేవారు. కొన్ని ఇళ్లవారు అరుగు మీద పెట్టి వెళ్లమనేవారు. ఏ ఇల్లు ఏదో ఆమెకు తెలుసు. ఏ ఏడూ ఏ ఇంటికీ మానలేదు.

బాప్తిస్మపు పేరు ఆమెకు దేవుని ముందు నిలబడే ధైర్యాన్నిచ్చింది. హోటలులో గ్లాసును మాత్రం మార్చలేదు. ఆమె చిన్నతనంలో బజారులోని కాఫీ హోటలులో మాలమాదిగలకు గ్లాసులు వేరు. మంచినీళ్లు అడిగితే పైనుంచి దోసిట్లో పోసేవారు. పోసేవాడు ‘నీవు క్రైస్తవురాలివా’ అని అడగలేదు. ఏ పేట నుంచి వచ్చావని అడిగాడు. ఆ మాట వస్తే చర్చిని కూడా వదిలిపెట్టనక్కరలేదు. మన కోస్తా జిల్లాలలో లూథరన్ సంఘాలలో మాలలు, బాప్టిస్టు సంఘాలలో మాదిగలు ఎక్కువగా ఉండటం యాదృచ్ఛికమేమీ కాదు. క్రీస్తునందు అందరూ ఒక్కటేనని ఆదివారం ప్రసంగించే కాపరులు పెళ్లి సంబంధాల దగ్గర సోమవారం నుంచి కులం అడుగుతారు. అగ్రకులాల నుంచి వచ్చిన విశ్వాసులు తమ ఇంటిపేర్ల పక్కన కులపు తోకలను అలాగే ఉంచుకున్నారు. వారు ‘రెడ్డి క్రైస్తవులు’, ‘కమ్మ క్రైస్తవులు’ కాగలిగినప్పుడు, మాదిగ ఒక్కడే మతం మారగానే మాదిగ కాకుండా పోతాడని మన న్యాయశాస్త్రం ఏ లెక్కన తేల్చిందో నాకు అర్థం కాదు.

1985 జులై 17 మా ఇంట తేదీలా కాక ఒక మనిషిలా బతికింది. దానికి ముందు, దానికి తరువాత అని నాయనమ్మ కాలాన్ని లెక్కపెట్టేది. కారంచేడు చీరాలకు నడిచి రాగల దూరం. ఆ ముందురోజు సాయంత్రం మాదిగలు తాగే నీటి చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక యువకుడు అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మను కొట్టబోతే ఆమె చేతిలోని బిందె ఎత్తింది. మరునాడు ఊరు ఊరంతా మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. ప్రాణాలు దక్కినవారు పొలాలకడ్డంపడి చీరాలకు వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఆ ఆవరణలో వారాల తరబడి సాగిన వంటలలో మా నాయనమ్మ చేయి ఉంది. సీజను పని పోతుందని తెలిసి కూడా కంపెనీకి పోలేదు. ఇంట్లో ఉన్న రెండు పెద్ద డేగిశాలు, పెళ్లిళ్లకు దాచుకున్న ఇత్తడి గంగాళం రిక్షాలో వేసుకుని తీసుకుపోయింది. గంగాళం తిరిగి రాలేదు, ఆమె అడగలేదు. అక్కడ ఆమె వంట మాత్రమే చేయలేదు. బిడ్డలు పోయిన తల్లుల పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం ఆమెకు వచ్చిన విద్య. మంత్రసానితనంలో అబ్బి ఉంటుంది. ఆ తల్లులు ఊరికి తిరిగి పోమన్నారు. చీరాలలోనే ఇళ్లు కావాలని పట్టుబట్టారు. ఆ పట్టుదల నుంచే విజయనగర్ కాలనీ వచ్చింది. దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి ఉపన్యాసాలు విన్న తరం ఒకటి తయారైంది. నాయకుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండాలి కూడా. అయితే ఆ శిబిరంలో మూడు పూటలా పొయ్యి ఆరకుండా చూసిన స్త్రీల పేర్లు ఏ కరపత్రంలోనూ లేవు. ఉద్యమ చరిత్రకారులలో ఎక్కువమందికి అన్నం తనంతట తానే ఉడుకుతుందని నమ్మకం.

చాలా ఏళ్ల తరువాత, నేను కాలేజీలో చదివే రోజుల్లో, కారంచేడు మీద ఏదో రాస్తూ ఆమెను అడిగాను: వాళ్లు క్రైస్తవులని తెలిసే కొట్టారా అని. ఆమె నా వైపు ఒక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. “ఆళ్లు మతమడిగి కొట్టలేదురా. గుడిసె యాడుందో చూసి కొట్టారు.” ఈ రెండు వాక్యాలకు మించిన సామాజిక శాస్త్రాన్ని నేను ఆ తరువాత చదివిన పుస్తకాలలో చూడలేదు. చనిపోయిన ఆరుగురిలో మోషే అన్న పేరు గలవారున్నారు. బిందె ఎత్తిన స్త్రీ పేరులోనే సువార్త ఉంది. గొడ్డళ్లు ఆ పేర్లను చూసి ఆగలేదు.

ఇప్పుడు అదే సంవత్సరంలో జరిగిన మరొక విషయం చూడండి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే కార్మికుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. పుట్టుకతో ఆది ద్రావిడుడు, మతం క్రైస్తవం. చెప్పులు కుట్టేవారికి ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇస్తూ, అవి హిందూ షెడ్యూల్డ్ కులాలవారికేనని చెప్పి ఇతనికి ఇవ్వలేదు. 1985 సెప్టెంబరు 30న తీర్పు వచ్చింది. మతం మారిన తరువాత కూడా కులం మిగలవచ్చు, కాని ఆ కులం వల్ల కలిగే వైకల్యాలు కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని రుజువు కావాలి, అది మా ముందు లేదు అని కోర్టు అన్నది. ఆ తేదీకి కారంచేడు జరిగి ఇంకా రెండున్నర నెలలు నిండలేదు. రుజువు చీరాల చర్చి ఆవరణలో చాపల మీద పడుకుని ఉంది. ఢిల్లీకి అది కనపడలేదు.

ఈ చిక్కుముడికి మూలం 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు. దాని మూడవ పేరా ప్రకారం హిందూ మతానికి భిన్నమైన మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ నిషేధం నుంచి మినహాయించారు. ఆ రెండు సవరణలూ న్యాయమైనవే. అంటరానితనాన్ని మతగ్రంథం అంగీకరించకపోవడం దానిని రూపుమాపడానికి చాలదని ఆ సవరణలే ఒప్పుకున్నాయి. సిక్కుమతం కులాన్ని అంగీకరించదు, బౌద్ధం అంగీకరించదు. అయినా ఆ మతాలలోని దళితుడు దళితుడేనని పార్లమెంటు గుర్తించింది. అదే తర్కం క్రైస్తవుడి దగ్గరకు, ముస్లిం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడవ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో మరొక కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించి కేంద్రానికి పంపింది. తీర్మానాలు పంపడానికి ఖర్చేమీ కాదు.

రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకు బీసీ–సి వర్గం కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది కదా అనేవారుంటారు. ఉంది. తన మతాన్ని ఉన్నదున్నట్టు చెప్పినవాడికి ఒక శాతం, ఎన్నికలలో రిజర్వుడు స్థానం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కొట్టినప్పుడు కాపాడే చట్టం లేదు. కారంచేడు తరువాత రేగిన ఆందోళనల నేపథ్యంలోనే 1989లో ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందని మనం విద్యార్థులకు చెబుతాం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవం స్వీకరించి దానిని ఆచరిస్తున్న వ్యక్తి ఎస్సీగా కొనసాగడు కనుక ఆ చట్టాన్ని ఆశ్రయించలేడని తీర్పు చెప్పింది. ఉన్న చట్టాన్ని బట్టి న్యాయమూర్తి అలా చెప్పి ఉండవచ్చు. నా వాదన ఆ చట్టంతోనే. సువార్తమ్మలు, మోషేలు రక్తంతో రాయించిన చట్టం అది. దాని నీడలో నిలబడాలంటే వారి పిల్లలు ముందుగా తమ పేర్లు మార్చుకోవాలి.

ఇక్కడ మా వైపు నుంచే వచ్చే ఒక అభ్యంతరాన్ని పక్కకు నెట్టలేను. మిషన్ బడులలో ముందుగా చదువుకున్న క్రైస్తవ కుటుంబాలను ఎస్సీ జాబితాలో చేరిస్తే ఇంకా బడి గడప తొక్కని హిందూ దళితుల వాటా తరిగిపోదా అని అడిగే మిత్రులున్నారు. అది ద్వేషంతో వేసిన ప్రశ్న కాదు, ఆకలితో వేసిన ప్రశ్న. అదే ఆకలి మాదిగ దండోరాను పుట్టించింది. మూడు దశాబ్దాలు పోరాడిన తరువాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ దానిని అమలులోకి తెచ్చాయి. వెనుకబాటుతనాన్ని బట్టి వాటాలు పంచుకోవచ్చని ఒప్పుకున్న తరువాత, కొత్తగా చేరేవారికి ఎంత, ఉన్నవారికి ఎంత అన్నది లెక్కలతో తేల్చుకోగల విషయం. ముందుగా ఎంతమంది ఉన్నారో తెలియాలి. అదెలా తెలుస్తుంది? 2011 దాకా జరిగిన జనగణనలలో మతం గడిలో క్రైస్తవం అని చెప్పినవారికి ఎస్సీ గడి మూసుకుపోయేది. మా నాయనమ్మ బతికున్న కాలంలో స్వతంత్ర భారతంలో ఏడు జనగణనలు జరిగాయి. వాటిలో ఆమె హిందువుగా ఎన్నిసార్లు, క్రైస్తవురాలిగా ఎన్నిసార్లు లెక్కకు వచ్చిందో ఆమెకే తెలియదు. ఎన్యూమరేటరు వచ్చినప్పుడు గుమ్మంలో ఎవరుంటే వారి భయాన్ని బట్టి ఆమె మతం మారేది. కులగణనతో కూడిన కొత్త జనగణన రాబోతున్నది. ఈసారి ఆ గుమ్మంలో నిలబడేది మేము.

మరొక అభ్యంతరం బయటివారిది. మోసం చేస్తున్నారని. దొంగ సర్టిఫికెట్లని. ఈ మాట టీవీ చర్చలలో వినపడినప్పుడల్లా నాయనమ్మ ఛానల్ మార్చమనేది. అబద్ధం ఆమెకు చిన్న విషయం కాదు. పది ఆజ్ఞలు నమ్మిన మనిషి. రేషన్ కార్డు మీద ఉన్న పేరుతో డీలరు పిలిచినప్పుడు ‘ఆఁ’ అని పలికేది కాదు, ముందుకు నడిచి నిలబడేది. ఎందుకు పలకవని నేను ఒకసారి అడిగితే సమాధానం చెప్పలేదు. పింఛను కాగితాల మీద వేలిముద్రే వేసేది. ఆమెకు సంతకం చేయడం వచ్చు. సంఘపు పుస్తకంలో ఎన్నోసార్లు చేసింది. ఆ సంతకం మొదటి పేరుది. ఆ పేరును ఆమె ప్రభుత్వానికి ఇవ్వలేదు, రెండో పేరును తన చేత్తో రాయలేదు. కోర్టులు దీనిని మోసం అంటే అనవచ్చు. పిల్లవాడి చదువుకూ దేవుడిచ్చిన పేరుకూ మధ్య ఒక నిరుపేద స్త్రీని నిలబెట్టి ఏదో ఒకటి ఎంచుకోమన్న చట్టాన్ని ఏమనాలో కూడా ఆ కోర్టులే చెప్పాలి.

మన పత్రికలలో అమ్మమ్మలను, నాయనమ్మలను తలచుకునే వ్యాసాలు చాలా వస్తాయి. మడి, తులసికోట, ఆవకాయ, అరుగు మీద భారత పురాణం. చదవడానికి బాగుంటాయి, నేనూ ఇష్టంగా చదువుతాను. ఆ అమ్మమ్మలకు ఇంటిపేర్లున్నాయి, గోత్రాలున్నాయి, ఫలానావారి అమ్మాయి ఫలానావారి కోడలు అన్న వంశవృక్షాలున్నాయి. వర్ధంతి నాడు పత్రికలో ఫోటో పడుతుంది, కాలేజీలో వారి పేరు మీద బంగారు పతకం ఉంటుంది. మా తల్లుల జ్ఞాపకం అంత తేలికగా కాగితం మీదికి రాదు. దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’గా గోగు శ్యామల ఒకచోట చేర్చేదాకా అటువంటి సాహిత్యం ఉందని మన విమర్శకులలో చాలామందికి తెలియదు. టి.ఎన్. సదాలక్ష్మి వంటి మంత్రిగా పనిచేసిన నాయకురాలి జీవితం ‘నేనే బలాన్ని’ పేరుతో పుస్తకంగా రావడానికి కూడా ఆమె మరణం తరువాత ఏళ్లు పట్టింది. ఆమెకే అంత కాలం పడితే పొగాకు గ్రేడింగు కూలీ సంగతి చెప్పేదేముంది?

అయినా మా ఇంట మాత్రం ఆమె జ్ఞాపకానికి కొరత లేదు. చివరి రెండేళ్లు చూపు మందగించింది, మనుషులను చేతులు తడిమి గుర్తుపట్టేది. నా చేయి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, “మెత్తగా ఉన్నయ్, బాగుండయ్యా” అనేది. తన మనవడి చేతులు మెత్తగా ఉండటం కన్నా గొప్ప వార్త ఆమెకు లేదు. రొయ్యపొట్టు వేసి చేసిన గోంగూర ఎవరింట వండినా ముందు ఆమెకు పంపేవారు. రుచి చూసి ఉప్పు చాలలేదనేది, చాలినా సరే. పోయే ముందు రోజు రాత్రి మా మేనత్త బైబిలు చదువుతుంటే మధ్యలో ఆపి, తప్పు చదివావని చెప్పి, సరిదిద్దిందట. మేనత్త అద్దాలు పెట్టుకుని చూస్తే ఆమె చెప్పిందే ఒప్పు.

సమాధుల తోటలో తాతయ్య పక్కనే చోటు దొరికింది. అంతకుముందు దొరకదేమోనని భయపడ్డాం. పట్టణం పెరిగి తోట చుట్టూ ఇళ్లు వచ్చాయి, కొత్త ఇళ్లవారికి ఎదురుగా సమాధులు కనపడటం ఇష్టం లేదు. మట్టి కుదురుకున్నాక రాయి వేయించాలని నాన్న రాళ్లు చెక్కే మేస్త్రీ దగ్గరకు వెళ్లాడు. నల్లరాయి, మూడడుగులు. మేస్త్రీ అక్షరానికి ఇంత అని లెక్క చెప్పి, పేరు కాగితం మీద రాసిమ్మన్నాడు. నాన్న జేబులోంచి కలం తీశాడు. తమ్ముడి సర్టిఫికెట్ల పరిశీలన ఇంకా పూర్తి కాలేదు. “పేరు తరువాత చెప్తాను, రాయి తయారుగా ఉంచు” అని అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. ఇది జరిగి నాలుగు నెలలైంది. మేస్త్రీ రెండుసార్లు ఫోన్ చేశాడు.